బెన్నూ మీద నేల ఎందుకు కుంగింది? ఇసుక పరీక్షలు చేసే మనిషిగా నా జవాబు

నాసా వారి ఒసైరిస్-రెక్స్ వ్యోమనౌక 2020 అక్టోబరు 20న బెన్నూ అనే గ్రహశకలాన్ని తాకినప్పుడు, నమూనా తీసే దాని చేయి దాదాపు అర మీటరు లోతుకు ఎందుకు దిగిపోయింది, రాళ్లూ గులకలూ నిండిన నేల ఆ మాత్రం ఒత్తిడిని ఆపలేకపోయిందా, మనిషి అక్కడ నిలబడితే మునిగిపోతాడా అని మీరు అడిగారు. నేను అంతరిక్ష శాస్త్రం చదివినవాడిని కాను. తిరుపతిలో ఒక ఇంజనీరింగ్ కళాశాలలో మట్టి పరీక్షల ప్రయోగశాలను ఇరవై రెండేళ్లుగా చూసుకుంటున్నాను. మీ ప్రశ్నకు జవాబులో ఎక్కువ భాగం మా బల్ల మీదే కనిపిస్తుంది కాబట్టి రాస్తున్నాను.

ఇక్కడి స్వర్ణముఖి నది ఇసుకను ఎండబెట్టి, జల్లెడ పట్టి, ఆరు సెంటీమీటర్ల చదరపు పెట్టెలో పోస్తాం. ఆ పెట్టె పై సగం, కింది సగం విడివిడిగా కదులుతాయి. పైన బరువు మోపి, ఒక సగాన్ని పక్కకు నెడుతూ, ఇసుక ఎంత బలంతో అడ్డుకుంటుందో ప్రూవింగ్ రింగు అనే బలం కొలిచే సాధనం మీద చూసి రాసుకుంటాం. చదరపు సెంటీమీటరుకు అర కిలో మోపితే ఒక రీడింగు వస్తుంది. కిలో మోపితే దాదాపు దానికి రెట్టింపు వస్తుంది. ఒకసారి ఒక విద్యార్థిని బరువులు పెట్టడం మరచిపోయి పరీక్ష మొదలుపెట్టింది. పెట్టె జరుగుతోంది గానీ రింగు ముల్లు కదిలీ కదలనట్టే ఉండిపోయింది. యంత్రం చెడిపోయిందని ఆ అమ్మాయి కంగారుపడింది. యంత్రానికి ఏమీ కాలేదు. పొడి ఇసుకకు సొంత బలం లేదు; రేణువులను ఒకదానికొకటి అదిమిపట్టే బరువు ఎంత ఉంటే దాని బలం అంత.

ఇంట్లోనే చూడాలంటే, గాలి లాగేసి మూసిన కాఫీ పొడి ప్యాకెట్టు తీసుకోండి. అది ఇటుకలా గట్టిగా ఉంటుంది. మూల కత్తిరించి గాలిని లోపలికి పోనిస్తే క్షణంలో మెత్తబడుతుంది. పొడి మారలేదు, బయటి నుంచి అదిమే గాలి ఒత్తిడి మాత్రమే పోయింది.

ఇప్పుడు బెన్నూకు వద్దాం. స్వర్ణముఖిలో అర మీటరు లోతున ఉన్న ఇసుక మీద, పైనున్న ఇసుక ఒక్కటే చదరపు మీటరుకు దాదాపు 800 కిలోల బరువు మోపుతుంది. బెన్నూ వ్యాసం సుమారు అర కిలోమీటరే, దాని గురుత్వం భూమి గురుత్వంలో లక్షో వంతుకన్నా తక్కువ. అక్కడ అదే లోతులో చదరపు మీటరు మీద పడే బరువు, నేను లెక్క కట్టి చూస్తే, రెండు గ్రాములు కూడా రాలేదు. పరచిన చాప మీద నాలుగు వేరుశనగ గింజలు పెట్టినట్టన్నమాట. దీనికి తోడు, బరువు తగ్గినంత మాత్రాన ద్రవ్యరాశి తగ్గదు. టన్నుకు పైబడిన ఆ నౌక సెకనుకు 10 సెంటీమీటర్ల వేగంతో వచ్చి తాకింది. ఎదురొడ్డే నేలేమో మా విద్యార్థిని బరువు పెట్టని పెట్టెలాంటిది. నౌకను చివరికి ఆపి వెనక్కి తెచ్చింది దాని థ్రస్టర్లే (చిన్న రాకెట్ ఇంజన్లే) తప్ప నేల కాదు.

రేణువుల మధ్య అంటుకునే గుణం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఈ విషయంలో నా ఊహ తప్పింది. మైదా జల్లెడకు అంటుకుంటుంది, ఇసుక అంటుకోదు. రేణువు చిన్నదయ్యే కొద్దీ బరువు తగ్గినంత వేగంగా అంటుకునే బలం తగ్గకపోవడమే దీనికి కారణం. గురుత్వం లక్షన్నర రెట్లు తగ్గిన చోట, రేణువు దాదాపు 400 రెట్లు పెద్దదైనా మైదాలాగే ప్రవర్తించాలి, అంటే సెంటీమీటరుకు కాస్త తక్కువైన గులకలు కూడా ముద్దగా పట్టుకోవాలని నేను అనుకున్నాను. కానీ ఆ స్పర్శ సమయంలో తీసుకున్న కొలతల్లో అంటుకునే బలం దాదాపు లేదనే తేలింది. గరుకు రాళ్లు కొన్ని మొనల దగ్గర మాత్రమే తాకుతాయి, వాటిని కలిపి పట్టే సన్నని పొడి అక్కడ తక్కువ. తాకిన చోట పై పొర సాంద్రత ఘనపు మీటరుకు 500 నుంచి 700 కిలోలేనని అంచనా వేశారు. మొత్తం బెన్నూ సగటు 1190. మా ఇసుకను ఎంత వదులుగా పోసినా 1400కు దిగడం నేను చూడలేదు.

ర్యుగు అనే మరో గ్రహశకలం మీద కూడా ఇలాంటి ఫలితమే కనిపించింది. జపాన్ వారి హయబుసా-2 నౌక 2019 ఏప్రిల్ 5న 2 కిలోల రాగి దిమ్మను సెకనుకు 2 కిలోమీటర్ల వేగంతో కొట్టిస్తే, 14 మీటర్లకు పైగా వెడల్పున్న గుంత పడింది. అక్కడి నేల కాస్త గట్టిగా పట్టుకునేదే అయితే గుంత అంత పెద్దగా అయ్యేది కాదు.

ఇక మనిషి సంగతి. 60 కిలోల మనిషి బెన్నూ మీద అర గ్రాము కూడా తూగడు, కాబట్టి కదలకుండా నిలబడితే మునగడు. చేయి పెట్టి తోస్తే మాత్రం మోచేయి దాకా సులువుగా దిగుతుంది, అదే తోపుతో ఒళ్లు పైకి లేస్తుంది. సెకనుకు సుమారు 20 సెంటీమీటర్ల వేగం దాటితే ఇక తిరిగి కిందికి రాడు.