నూటికి ఇరవై అంటే దేని మీద ఇరవై?

చిట్టీ,

నీ లెక్కల పేపరు ఫోటో మీ అమ్మ పంపింది. '50 శాతం తగ్గింపు, ఆపైన మరో 20 శాతం' అన్న లెక్కకు 70 శాతం అని రాసి మార్కులు పోగొట్టుకున్నావట. ఏడవకు. ఇలాంటి తప్పే మా షావుకారు కూడా చేశాడు. ఆయనకు పోయింది మార్కులు కాదు, డబ్బులు.

నేను బట్టల కొట్టులో గుమాస్తాగా ఉన్న రోజులు. ఆషాఢం సేల్‌కి ముందు రాత్రి చీరల మీద చీటీలన్నీ మా చేత మార్పించాడు. వెయ్యి రూపాయల చీరకు 20 శాతం పెంచి 1200 వేశాం. తెల్లారి '20 శాతం తగ్గింపు' అని బోర్డు. పెంచిందే తగ్గిస్తున్నాం, మనకు పోయేదేముంది అని ఆయన ధీమా. రాత్రి గల్లాపెట్టె చూస్తే చీరకు 40 రూపాయల చొప్పున తక్కువ! నా వైపు అనుమానంగా చూశాడు. చిత్తు కాగితం మీద వేసి చూపించాను. పెంచిన 20 శాతం వెయ్యి మీద, అంటే 200. తగ్గించిన 20 శాతం 1200 మీద, అంటే 240. అప్పుడు గానీ ఊపిరి పీల్చుకోలేదు, ఆయనా నేనూ.

అందుకే శాతం కనబడగానే పెన్ను పెట్టకు. దేని మీద శాతం అని అడుగు. నీ లెక్కలో ధర వెయ్యి అనుకో. 50 శాతం ఆ వెయ్యి మీద, 20 శాతం మిగిలిన 500 మీద. చివరికి కట్టేది 400, కాబట్టి తగ్గింపు 60 శాతమే. ఇంకో కిటుకు: ఎంత పోయిందో కాదు, ఎంత మిగిలిందో పట్టుకో. 20 శాతం పోతే మిగిలేది 0.8, పది పోతే 0.9. రెండూ గుణిస్తే 0.72. ఏది ముందు తీసినా అంతే వస్తుంది.

ఇక వర్గమూలాలంటే నీకు టెన్షన్ అని అమ్మ చెప్పింది. మన ఇంటి స్థలం తీసుకో. 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు, అంటే 200 చదరపు గజాలు. అదే చతురస్రంగా ఉంటే ఒక్కో వైపు ఎంత? 14 పద్నాలుగులు 196, 15 పదిహేనులు 225. కాబట్టి 14 దాటి కొంచెం. ఇంకా 4 కావాలి. దాన్ని 14కి రెట్టింపైన 28తో భాగించు, 0.14 వస్తుంది. జవాబు దాదాపు 14.14 గజాలు, అంటే 42.4 అడుగులు. నాలుగు వైపులా కలిపితే 170 అడుగులకు ఓ పిసరు తక్కువ. మన ప్రహరీ 180 అడుగులు. ఆ పది అడుగుల గోడ ఖర్చు మీ అమ్మమ్మ దగ్గర ఎత్తకు, స్థలం ఎంచింది తనే.

చివర 2, 3, 7, 8 ఉన్న సంఖ్య ఎప్పుడూ పూర్ణవర్గం కాదు. పరీక్షలో ఇది గుర్తుంటే చాలా శ్రమ తప్పుతుంది.

ఈసారి సెలవులకు వచ్చినప్పుడు కొట్టు బిల్లు నువ్వే చూడాలి. ఈలోపు ఒకటి చెప్పు: 'రెండు కొంటే ఒకటి ఉచితం' అంటే నూటికి ఎంత తగ్గింపు? యాభై అని మాత్రం ఫోన్ చెయ్యకు.

మీ తాతయ్య