బండీ – బాటా: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: గత నెలలో రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 450 కొన్నాను. వర్షాలు తగ్గాక భార్యతో కలిసి మారేడుమిల్లి ఘాట్ మీదుగా భద్రాచలం, ఆ తర్వాత అరకు వెళ్లాలని ఉంది. షోరూమువారు టాప్ బాక్స్ (సీటు వెనుక బిగించే సామాను పెట్టె), ఫాగ్ ల్యాంపులు, ఎత్తయిన విండ్‌షీల్డ్ కలిపి ప్యాకేజీగా తీసుకోమంటున్నారు. వీటిలో నిజంగా పనికొచ్చేవి ఏవి?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: ప్యాకేజీ జోలికి ఇప్పుడే వెళ్లకండి. మొదటి సర్వీసు అయ్యేదాకా బండిని ఉన్నదున్నట్టు నడిపితే, ఇబ్బంది నడుము దగ్గరుందో, ఛాతీకి కొట్టే గాలిలో ఉందో, రాత్రి వెలుతురులో ఉందో మీకే తెలిసిపోతుంది. విండ్‌షీల్డ్ సంగతే చూడండి: ఒకరికి హాయిగా ఉన్న ఎత్తు మరొకరి హెల్మెట్ దగ్గర గాలి సుడి తిరిగి హోరెత్తిస్తుంది, కాబట్టి అది బిగించిన వేరొకరి బండి నడిపి చూడకుండా దానికి డబ్బు పెట్టకూడదు. ఈ బండి సీటును 825, 845 మిల్లీమీటర్ల ఎత్తుల్లో ఎలా కావాలంటే అలా అమర్చుకోవచ్చు. దానికి పైసా ఖర్చు లేదు గనుక ముందు ఆ పని చేయండి.

షోరూములో ఎవరూ ప్రస్తావించనిది, ఘాట్ మీద అన్నిటికన్నా అవసరమయ్యేది పంక్చరు సామగ్రి. ఈ మోడల్ తొలి బండ్లు ట్యూబు టైర్లతోనే వచ్చాయి. ట్యూబ్‌లెస్ స్పోకు చక్రాలు తర్వాత వచ్చాయి. మీ బండికి ఏవి ఉన్నాయో ముందుగా చూసుకోండి. ట్యూబు చక్రమైతే, అందరూ కొనే ప్లగ్ కిట్ (ట్యూబ్‌లెస్ టైరు రంధ్రంలో రబ్బరు దూర్చి మూసేది) మీకు ఎందుకూ పనికిరాదు. టైరును చక్రం నుంచి ఊడదీసే లివర్లు, అదనపు ట్యూబు, చక్రాల నట్లకు సరిపోయే పానాలు, గాలి పంపు కావాలి. ముందు చక్రం 21 అంగుళాలు, వెనుకది 17. రెండు ట్యూబులు మోయలేనివారు ముందు చక్రం ట్యూబునే పెట్టుకుంటారు, ఎందుకంటే అవసరం పడితే దాన్ని వెనుక టైరులో సర్ది, నెమ్మదిగా దగ్గరి ఊరు చేరవచ్చు. చక్రం విప్పి బిగించడం ఇంటి ముందే ఒకసారి చేసి చూడండి. మారేడుమిల్లి దాటాక చింతూరు వైపు అడవి దారిలో నేర్చుకునే పని కాదది.

ఇక సామాను. ఇద్దరు ఎక్కినప్పుడు టాప్ బాక్స్ బరువు వెనుక ఇరుసుకు కూడా వెనకాల, అంత ఎత్తున పడుతుంది కాబట్టి ముందు చక్రం తేలికై, వేగంలో హ్యాండిల్ ఊగడం మొదలవవచ్చు. అందుకని రెండు పక్కలా వేలాడే గుడ్డ సంచులే మేలు. అయితే అవి సైలెన్సరుకు, చక్రానికి తగలకుండా ఆపే స్టేలు (లోహపు ఊచల చట్రాలు) తప్పనిసరిగా బిగించాలి. సంచి కొని స్టేలు మానేస్తే కుడివైపు సంచి కాలిపోవడానికి ఎంతోసేపు పట్టదు. పనిముట్ల వంటి బరువులు అడుగున, రెయిన్‌కోటు పైన పెట్టుకోండి. వెనుక స్ప్రింగు ప్రీలోడ్‌ను, అంటే దాని ముందస్తు బిగింపును, ఇద్దరి బరువుకు తగ్గట్టు పెంచుకోవడం మరవకండి.

పొగమంచులో పసుపు ఫాగ్ ల్యాంపులు మేలు చేస్తాయి, కానీ వాటి మంచిచెడ్డలు ల్యాంపు కంటే వైరింగును బట్టి ఉంటాయి. ఒక్కొక్కటి 20 వాట్ల జత 12 వోల్టుల మీద సుమారు 3.3 ఆంపియర్లు లాగుతుంది. దానికి విడిగా రిలే (ల్యాంపుల కరెంటును హ్యాండిల్ స్విచ్చు మీద పడనీయకుండా నడిపే విద్యుత్ స్విచ్చు) ఉండాలి, బ్యాటరీ ప్లస్ టెర్మినల్‌కు దగ్గరలో 5 ఆంపియర్ల ఫ్యూజు ఉండాలి. అసలు వైర్లు కోసి అతుకు వేస్తానన్న మెకానిక్‌కు బండి అప్పగించవద్దు. రేపు వారంటీ అడిగినప్పుడు ఆ అతుకే అడ్డం తిరుగుతుంది. కాంతి ఎదుటివారి కళ్లలో పడకుండా కిందికి దించి పెట్టడం మర్యాదే కాదు, ఘాట్ మలుపుల్లో మీ ప్రాణానికీ మంచిది.

మీ భార్యకు ఐఎస్ఐ గుర్తు ఉన్న మంచి హెల్మెట్, చేతులకు గ్లోవ్స్ ఇంకా కొనలేదంటే, పైవాటన్నిటికంటే ముందు అవి కొనండి.

ప్రశ్న: దారి చూసుకోవడానికి ఫోనును హ్యాండిల్‌కు బిగిస్తే కెమెరా పాడవుతుందంటారు, నిజమేనా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: నిజమే. పెద్ద ఇంజిన్ల మోటారుసైకిళ్ల ప్రకంపనల వల్ల ఐఫోన్ కెమెరా పనితీరు దెబ్బతినవచ్చని ఆపిల్ సంస్థే 2021లో హెచ్చరించింది. చేయి వణికినా ఫొటో చెదరకుండా లెన్సును కదిపి సర్దే సున్నితమైన భాగాలున్న ఏ ఫోనుకైనా ఈ ముప్పు ఉన్నట్టే. ప్రకంపనలు తగ్గించే డ్యాంపర్ ఉన్న హోల్డరు వాడండి, లేదా పాత ఫోను ఒకటి దీనికే కేటాయించండి.