హన్మకొండలో రేంజ్ రోవర్: అడ్వాన్స్ ఇప్పుడే ఇవ్వొద్దు

అన్నా, 2014 రేంజ్ రోవర్ స్పోర్ట్ డీజిల్ హన్మకొండలో అమ్మకానికి ఉంది, ఓనర్ "ఇంజిన్ సూపర్" అంటున్నాడు, అడ్వాన్స్ ఇవ్వమంటారా అని అడిగారు కదా. ఇప్పుడే ఇవ్వకండి.

ఆ 3.0 లీటర్ వీ6 డీజిల్‌కు తెలిసిన జబ్బు ఒకటుంది: క్రాంక్‌షాఫ్ట్ బేరింగులు పాడై, ఒక్కోసారి ఇంజిన్ లోపల తిరిగే ఆ ప్రధాన ఇరుసు, అంటే క్రాంకే విరుగుతుంది. అప్పుడు బాగు చేయించడం కాదు, ఇంజినే మార్చాలి.

పొద్దున్నే, ముందు చెప్పకుండా వెళ్లండి. బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే మీరొచ్చేలోపే స్టార్ట్ చేసి ఉంచారన్నమాట, ఇంకోరోజు రండి. చల్లగా ఉంటే స్టార్ట్ చేసి కింది నుంచి టకటక చప్పుడు వస్తోందేమో వినండి. తర్వాత మీ మెకానిక్‌తో ఆయిల్ ఫిల్టర్ విప్పించండి. కాగితం మడతలు కోసి ఎండలో పరిచి చూడండి. నేను చూసిన ఒక బండిలో వెండి పొడిలా మెరుపు గోటికి అంటుకుంది, అంటే బేరింగుల లోహం అరిగి ఆయిల్లో కలుస్తోందన్నమాట, అక్కడే నమస్కారం పెట్టి వచ్చేశా.

ఆయిల్ మార్చిన బిల్లులు అడగండి, మాటలు కాదు. పదివేల కిలోమీటర్లకోసారైనా మార్చి ఉంటే మంచిది. రాత్రి నిలిపిన బండి పొద్దునకి ఒక మూలకు కుంగితే ఎయిర్ సస్పెన్షన్ (స్ప్రింగుల బదులు బండిని మోసే గాలి సంచులు) ఖర్చు కూడా లెక్కేసుకోండి. చివరగా జనగామ దాకా నడిపి చూడండి.