విక్టోరియా కాలంలో బందరు రేవు: ఉప్పెనొక్కటే కారణం కాదు

1864 ఉప్పెనతోనే బందరు (మచిలీపట్నం) రేవు పోయిందా అని అడిగారు కదా. నేను పుట్టి పెరిగింది బందరే, మా అమ్మమ్మ వాళ్ళది బందరు దగ్గరి పెడనలో అద్దకం పని (బట్టల మీద అచ్చులతో రంగులద్దడం) చేసే ఇల్లు, చిన్నప్పట్నుంచీ మేమూ అదే విన్నాం, కానీ చదివేకొద్దీ నాకు అర్థమైంది ఏంటంటే ఉప్పెన వచ్చేనాటికే రేవు సగం ప్రాణంతో ఉంది.

విక్టోరియా 1837లో గద్దెనెక్కింది. దానికి నాలుగేళ్ళ ముందే రెండు దెబ్బలు పడ్డాయి, ఒకటి డొక్కల కరువు, గుంటూరు జిల్లాలో ఊళ్ళకి ఊళ్ళే ఖాళీ అయిపోయాయి, రెండోది బ్రిటిష్ పార్లమెంటు 1833లో చేసిన చట్టంతో ఈస్టిండియా కంపెనీ వ్యాపారం చెయ్యడమే మానేసింది. అంటే 1611 నుంచి ఇక్కడ బట్టలు కొన్న పెద్ద బేరగాడే పోయాడు. పైగా మాంచెస్టర్ మిల్లు బట్ట చవగ్గా వచ్చి పడింది, నేతగాళ్ళు ఏం తట్టుకుంటారు చెప్పండి. ఇరాన్‌కి పోయే అద్దకం బట్టలు మాత్రం ఇంకా కొన్నాళ్ళు నడిచాయి.

ఆ పని ఎంత ఓపికతో చేసేదో పెడనలో ఇప్పటికీ చూడొచ్చు, గుడ్డని కరక్కాయ నీళ్ళల్లో తడిపి ఆరబెట్టి, టేకు అచ్చుతో ఒక్కో రంగూ విడిగా అద్ది, పారే నీళ్ళల్లో జాడించి, మళ్ళీ రాగి కాగులో ఉడకబెడతారు. అప్పట్లో ఎరుపుకి చిరువేరు అనే మొక్క వేరు వాడేవాళ్ళు, 1868-69లో యూరప్‌లో కృత్రిమ ఎరుపు రంగు కనిపెట్టాక దాని బేరం కూడా పడిపోతూ వచ్చింది.

ఇక ఉప్పెన. 1864 నవంబరు 1 రాత్రి, దీపావళి అమావాస్య వెళ్ళి రెండ్రోజులే, అంటే అసలే సముద్రం పోటు మీదుండే రోజులు, దాని మీద తుఫాను. నీళ్ళు మామూలు పోటు కంటే 13 అడుగులు ఎత్తు లేచి కొన్ని చోట్ల 17 మైళ్ళు లోపలికి వచ్చేశాయి, సుమారు 30,000 మంది చనిపోయారు. రాత్రికి రాత్రి! ఇది తల్చుకుంటే నాకిప్పటికీ గుండె బరువెక్కుతుంది. ఆ తర్వాత బందరు కోటలో ఉన్న పటాలాన్ని కూడా ఎత్తేశారు.

అయితే ఉప్పెన తర్వాత ఊరు లేవలేకపోడానికి కారణాలు వేరే. బందరు దగ్గర సముద్రం లోతు తక్కువ, పెద్ద ఓడలు మైళ్ళ దూరంలో లంగరేస్తే సరుకంతా పడవల్లో మోయాలి. అదే కాకినాడకైతే హోప్ ఐలాండ్ అనే దీవి అలలకి అడ్డుగా ఉంది, వెనక గోదావరి కాలవలున్నాయి, అమెరికా అంతర్యుద్ధం టైములో పత్తి ఎగుమతి పెరిగినప్పుడు బాగా లాభపడింది కాకినాడే. మనకి బెజవాడ ఆనకట్ట 1855కే పూర్తయింది, పొలాలు పండాయి, కానీ రైలు మాత్రం 1908 దాకా రాలేదు, అప్పటికి విక్టోరియా పోయి ఏడేళ్ళు.

మీరు వెళ్తే బందరు కోట తప్పకుండా చూడండి, పెచ్చులూడిన ఆ లావుపాటి ఇటుక గోడలు చూస్తే రేవు ఎంత పెద్దదో తెలుస్తుంది. మంగినపూడి బీచ్ చూసి వెనక్కొచ్చేస్తారు అందరూ, అలా చెయ్యకండి. అట్నుంచి పెడన కూడా వెళ్ళండి, పొద్దున్నే వెళ్తే అద్దకం పని జరుగుతూ ఉంటుంది, అడిగితే ఓపిగ్గా చూపిస్తారు.