కారులో బ్లూటూత్ కిట్‌కు ఎంత ఖర్చు పెట్టవచ్చు?

ప్రశ్న: మాది ఉప్పల్. మందుల పంపిణీ వ్యాపారం చేస్తాను. ఆర్డర్ల ఫోన్లు ఎక్కువగా కారు నడుపుతున్నప్పుడే వస్తాయి. కారుకు ఆరేళ్లు నిండాయి. స్టీరియోకు ఆక్స్ పోర్టు (బయటి పరికరాన్ని తీగతో కలిపే రంధ్రం) ఉంది కానీ బ్లూటూత్ లేదు. రాణిగంజ్‌లోని ఒక దుకాణంలో హ్యాండ్స్‌ఫ్రీ కిట్ బిగించడానికి రూ.3,500 అడిగారు. రూ.18,000 పెడితే ఆండ్రాయిడ్ టచ్ స్క్రీన్ స్టీరియో వస్తుందని, నో కాస్ట్ ఈఎంఐ కూడా ఉందని అంటున్నారు. రెండేళ్లలో కారు మార్చే ఆలోచన ఉంది. ఏది తీసుకోమంటారు?

జవాబు: మీ అవసరం ఫోను మాట్లాడటం వరకే కాబట్టి రూ.3,500 కిట్టే తీసుకోండి. పాత కారు కొనేవారు ఇంజిన్, టైర్లు, తిరిగిన కిలోమీటర్లు చూసి బేరమాడతారే తప్ప స్టీరియోకు విడిగా ధర కట్టరు. అందువల్ల రెండేళ్లలో అమ్మబోయే కారుపై పెట్టే రూ.18,000లో పెద్దగా తిరిగి వచ్చేదేమీ ఉండదు. ఇంతకన్నా చవకగా ఛార్జింగ్ సాకెట్‌లో గుచ్చితే ఫోను శబ్దాన్ని స్టీరియోలోని రేడియోకు పంపే ఎఫ్‌ఎం ట్రాన్స్‌మిటర్లు కూడా దొరుకుతాయి కానీ, 91.1, 92.7, 93.5, 98.3 అంటూ వరుసగా స్టేషన్లున్న హైదరాబాద్‌లో ఖాళీ ఫ్రీక్వెన్సీ వెతుక్కోవడమే ఒక పని. ఆక్స్ పోర్టు ఉన్న మీకు ఆ తిప్పలు అక్కర్లేదు.

దుకాణదారు చెప్పని ఖర్చు బీమాలో ఉంటుంది. కంపెనీ నుంచి కారుతో పాటు రాని ఎలక్ట్రానిక్ పరికరాలకు బీమా వర్తించాలంటే వాటి విలువను పాలసీలో విడిగా చూపించి, పాత టారిఫ్ (బీమా రేట్ల పట్టిక) లెక్క ప్రకారం ఆ విలువపై 4 శాతం అదనపు ప్రీమియం కట్టాలి. రూ.18,000 స్టీరియోకు అది ఏడాదికి రూ.720. అంత కట్టినా, దొంగతనం జరిగి క్లెయిమ్ చేస్తే తరుగుదల, క్లెయిమ్‌లో మీరే భరించాల్సిన తప్పనిసరి మినహాయింపు పోగా మిగిలినదే చేతికి వస్తుంది. పైగా క్లెయిమ్ చేయని ఏళ్లకు ప్రీమియంలో ఇచ్చే రాయితీ, అంటే నో క్లెయిమ్ బోనస్, సున్నాకు పడిపోతుంది. మీరు ఇంతవరకు క్లెయిమ్ చేయకుండా 50 శాతం బోనస్‌కు చేరి ఉంటే, బోనస్‌కు ముందు ఓన్ డ్యామేజ్ ప్రీమియం (మీ కారుకే జరిగే నష్టానికి కట్టే భాగం) రూ.6,000 అనుకుని లెక్క వేద్దాం. క్లెయిమ్ తర్వాతి రెన్యువల్స్‌లో బోనస్ వరుసగా 0, 20, 25, 35, 45 శాతంగా పెరిగి మళ్లీ 50కి చేరేలోపు మీరు కోల్పోయే రాయితీ మొత్తం రూ.7,500 అవుతుంది. ఈ బోనస్ కారుది కాదు, యజమానిది. కొత్త కారు పాలసీకి బదిలీ చేసుకోవచ్చు. అక్కడ ప్రీమియం ఎక్కువ కనుక నష్టమూ ఎక్కువే. రూ.3,500 వస్తువు విషయంలో ఈ బెడదే లేదు. పోతే పోయిందనుకుని క్లెయిమ్ జోలికి వెళ్లకుండా ఉండవచ్చు.

బిగించేటప్పుడు దగ్గరుండి చూడండి. స్టీరియో వెనుక పసుపు వైరుకు ఎప్పుడూ, ఎరుపు వైరుకు తాళం తిప్పినప్పుడే కరెంటు అందడం సాధారణ పద్ధతి. కిట్‌ను ఎప్పుడూ కరెంటు ఉండే వైరుకు కలిపితే రాత్రంతా బ్యాటరీని తాగుతూనే ఉంటుంది. కారు వైర్లను కోసి టేపు చుట్టడానికి ఒప్పుకోకండి. కప్లర్‌తో (వైర్లు కోయకుండా కలిపే ప్లగ్), విడి ఫ్యూజు పెట్టి కలపమనండి. విద్యుత్ లోపం వల్ల పరికరం చెడిపోతే సాధారణ మోటారు పాలసీ ఆ నష్టాన్ని భరించదు. మైకు సన్‌వైజర్ దగ్గర బిగించుకుంటే మీ మాట అవతలివారికి స్పష్టంగా వినిపిస్తుంది.

నో కాస్ట్ ఈఎంఐ (వడ్డీ లేని వాయిదాలు) అన్నా, బ్యాంకు లెక్కలో వడ్డీ ఉంటుంది కాబట్టి ఆ వడ్డీ భాగంపై 18 శాతం జీఎస్టీ, తరచుగా ప్రాసెసింగ్ ఫీజు మీ కార్డుపైనే పడతాయి. ఒకేసారి చెల్లిస్తే ఎంతకు ఇస్తారో అడిగి చూడండి. బిల్లు లేకుండా తగ్గిస్తామంటే వద్దనండి. వారంటీకి అది కావాలి, లెక్కల పుస్తకాలు రాసే వ్యాపారమైతే ఖర్చు చూపించడానికీ కావాలి. అంచనా ఆదాయ పద్ధతిలో (అమ్మకాల్లో ఇంత శాతం లాభమని చూపి) రిటర్ను వేసేవారికి మాత్రం విడిగా మినహాయింపు రాదు.

2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్, నడుపుతూ ఫోన్‌ను చేత పట్టుకుని వాడటాన్ని ప్రమాదకర డ్రైవింగ్ కింద చేర్చింది, మొదటిసారికి రూ.1,000 నుంచి రూ.5,000 వరకు జరిమానా లేదా జైలు, లేదా రెండూ ఉండవచ్చు. కిట్ మిమ్మల్ని ఈ సెక్షన్ నుంచి కాపాడుతుంది కానీ, హ్యాండ్స్‌ఫ్రీ వల్ల ప్రమాదం పెద్దగా తగ్గదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కాబట్టి మందుల పేర్లు, పరిమాణాలు రాసుకోవాల్సిన ఆర్డర్లను వాట్సాప్‌లో పంపమనండి, కారు ఆపాక చూసుకోండి.