పెరట్లోకి పిచ్చుకలు రావాలంటే ముందు అన్నం మానండి

ఒడిశాలోని పర్లాకిమిడిలో ఇంటి వెనక రోజూ అన్నమూ బియ్యమూ వేస్తున్నామని, కాకులూ పావురాలే వాలుతున్నాయని, పిచ్చుక ఒక్కటీ దిగదని అడిగారు. ఆ అన్నమే అడ్డం అండీ. అన్నం మెతుకులున్న చోట కాకి కాపలా ఉంటుంది, పిచ్చుక గుడ్లూ పిల్లలూ కాకికి ఆహారం. పైగా మన వైపు ఎండలకి పొద్దున వేసింది మధ్యాహ్నానికే పులుస్తుంది. పెద్దల పేరున కాకికి ముద్ద పెట్టాల్సి వస్తే మేడ మీద పెట్టండి, గింజల దగ్గర మాత్రం వద్దు. పచ్చడి కలిసిన అన్నం, మిక్చరు, చిప్స్ అసలు వెయ్యకండి. అంత ఉప్పు పిట్టల ఒంటికి పడదు. పాలు వాటికి అరగవు, బ్రెడ్డు కడుపు నింపుతుందే గాని బలం ఇవ్వదు.

గింజల సంగతి. పొట్టు తియ్యని సామలు రెండు పాళ్లు, కొర్రలు ఒక పాలు, వరి నూకలు ఒక పాలు కలపండి. రాయగడ, కొరాపుట్ వైపు సంతల్లో సామల్ని సువాన్ అంటారు, నూకలు కావాలంటే ఒడియా కొట్లో ఖుద అని అడగాలి. చోళ్లు (రాగులు) ఓ గుప్పెడు కలిపినా తింటాయి. విత్తనాల కొట్లో దొరికే ఎర్రగానో నీలంగానో రంగు పూసిన గింజలు మాత్రం కొనకండి, అవి నాటడానికి మందు పట్టించినవి. బూజు వాసన వచ్చే వేరుశనగ గుళ్లు కూడా పారెయ్యాల్సిందే. ఆ బూజులో అఫ్లటాక్సిన్ అనే విషం ఉంటుంది, కడిగినా వేయించినా పోదు.

మొదట్లో రోజుకి 50 గ్రాములు చాలు, అంటే ఇంచుమించు ఒక గుప్పెడు. పొద్దున ఆరింటికి సగం, సాయంత్రం నాలుగింటికి సగం. పది దాటినా గింజ మిగిలిపోతుంటే తగ్గించండి. ఇక్కడో చిక్కుంది. చూస్తే మూకుడు నిండుగానే కనిపిస్తుంది, వేలితో కదిపితే పైనంతా ఖాళీ పొట్టే. పిచ్చుకైనా, జీనువాయి (మునియా అనే చిన్న గింజలపిట్ట) అయినా గింజని ముక్కు అంచుల మధ్య దొర్లించి, పొట్టు అక్కడే రాల్చి, లోపలిది మింగుతుంది. ఉఫ్‌మని ఊదండి, పొట్టు లేచిపోయి అడుగున నిజంగా ఎంత మిగిలిందో తెలుస్తుంది. ఈ పొట్టు చూసే చాలామంది "తినడం లేదు" అనుకుని మానేస్తారు, లేదా దాని మీదే కొత్త గింజలు పోసి కిందవి బూజు పట్టిస్తారు.

పావురాలని తరమడంలో లాభం లేదు, మూకుడు చుట్టూ కట్టే జాలీ గడి కొలతే వాటిని ఆపాలి. ఇనుప సామాన్ల కొట్లో ఒకటిన్నర అంగుళం గడి ఉన్న వెల్డ్‌మెష్ (అతికిన తీగల జాలీ) అడగండి. అడుగు వెడల్పు, నాలుగున్నర అడుగుల పొడవు ముక్క చాలు. దాన్ని గుండ్రంగా చుట్టి, మూడు అంగుళాలు ఒకదాని మీదొకటి వచ్చేలా కట్టుతీగతో బిగిస్తే 16 అంగుళాల అడ్డకొలత వస్తుంది. అడుక్కి అదే మెష్ ఇంకో ముక్క, నట్టనడుమ 8 అంగుళాల మట్టి మూకుడు, పైన వాన పడకుండా రేకు. మూకుడు చుట్టూ 4 అంగుళాల ఖాళీ ఉంటుంది కాబట్టి పావురం బయటినుంచి మెడ చాచినా గింజ అందదు. పిచ్చుకలూ జీనువాయిలూ సులువుగా దూరతాయి. కోసిన తీగ మొనలు మడిచి ఆకురాయితో రుద్దండి, లేకపోతే రెక్కలు చీరుకుంటాయి. ఉడతలు వస్తాయని తీగకి గ్రీజు రాయడం మాత్రం మహాపాపం: అది ఈకలకి అంటితే పిట్ట ఎగరలేదు.

ఆరడుగుల ఎత్తున, మందారం లాంటి గుబురు పొదకి ఆరేడు అడుగుల దూరంలో వేలాడదీయండి. డేగ వస్తే పొదలోకి దూరడానికి దగ్గర, పిల్లి పొంచి దూకడానికి దూరం. గాజు కిటికీ ఉంటే దానికి మూడడుగుల లోపైనా ఉండాలి, ముప్పై అడుగుల అవతలైనా ఉండాలి. మధ్య దూరంలో పెడితే బెదిరిన పిట్ట వేగం అందుకుని అద్దానికి కొట్టుకుంటుంది. మూడు వారాలు చోటు మార్చకండి. కొత్త వస్తువంటే పిచ్చుకకి బెరుకు.

నీళ్లకి గరుకు మట్టి పళ్లెం, లోతు ఒకటిన్నర అంగుళం మించకూడదు, మధ్యలో ఒక రాయి. రోజూ నీళ్లు మార్చడమే కాదు, కొబ్బరి పీచుతో అంచులు రుద్దాలి. డెంగీ దోమ గుడ్లు నీటి అంచున అంటుకుని ఉంటాయి, పారబోస్తే పోవు, ఎండినా నెలల తరబడి బతుకుతాయి. పక్కనే రెండడుగుల మేర పొడి మట్టి వదిలితే పిచ్చుకలు దుమ్ములో పొర్లుతాయి.

వారానికోసారి మూకుడు కడిగి ఎండబెట్టండి, వానాకాలంలో రెండుసార్లు. ఏ పిట్టైనా ఈకలు ఉబ్బించుకుని మగతగా కూర్చున్నా, కళ్ల దగ్గర కాయలు లేచినా రెండు వారాలు గింజలు ఆపెయ్యండి. ద్రవరూపంలో దొరికే బ్లీచ్ ఒక పాలు, నీళ్లు తొమ్మిది పాళ్లు కలిపి పది నిమిషాలు నానబెట్టి, వాసన పోయేదాకా కడిగి ఎండలో పెట్టండి. గుమిగూడి తినే చోటే రోగం ఒకదాన్నుంచి ఒకదానికి పాకుతుంది.

పికిలిపిట్టలు గింజల జోలికి రావు. వాటికి బొప్పాయి ముక్కో జామకాయ చెక్కో మేకుకి గుచ్చండి, మీ వీధిలో కోతులు తిరుగుతుంటే అదీ వద్దు. తేనెపిట్టలకి పంచదార నీళ్లు పెట్టేకన్నా మందారం, నూరువరహాలు నాటడం మేలు. ఇంకొకటి, పిచ్చుక పిల్లలు మొదట గింజలు తినవు, తల్లి పురుగులు తెచ్చి పెడుతుంది. బెండకీ వంగకీ పురుగుమందు కొట్టే పెరట్లో ఎన్ని గింజలు పోసినా పిల్లలు బతకవు.

మార్గశిర లక్ష్మివారాల్లో ఒడియా ఇళ్లల్లో లక్ష్మీదేవికి చేసే మాణబసా పూజకి వరి కంకులు జడలా అల్లుతారు, చూసే ఉంటారు. అలాంటి కుచ్చు ఒకటి చూరుకి కట్టండి. జాలీ కన్నా దీని మీదికే పిచ్చుకలు ముందు వస్తాయి, కంకి పట్టుకుని వేలాడుతూ తినడం వాటికి అలవాటే. చూరు అంచుకి కాక జానెడు లోపలికి కట్టండి, తడిస్తే మొలకెత్తి బూజు పడుతుంది.