జ్ఞానం కోసం దేవుడి మీద ఆధారపడడం అంటే సూచన కోసం ఎదురుచూడడమేనా?

హైదరాబాద్‌లో ఉన్న జాబ్‌కీ, బెంగళూరు ఆఫర్‌కీ మధ్య తేల్చుకోలేకపోతున్నా, ఎంత ప్రార్థన చేసినా ఏ సూచనా రావట్లేదు అన్నారు కదా. నాకు జరిగింది చెప్తాను.

కొన్నేళ్ల కిందట మా బావ చిట్టీ పాడుకున్నాడు, డబ్బు చేతికి రావాలంటే షూరిటీ కావాలి, నాది గవర్నమెంట్ టీచర్ ఉద్యోగం కాబట్టి నన్ను సంతకం అడిగాడు. అమ్మేమో "అక్క మొహం చూసైనా పెట్టరా" అంటుంది. పెట్టాక బావ కట్టకపోతే నా జీతంలోంచి పోతుంది, పెట్టకపోతే అక్కకి కష్టం. జ్ఞానం కొదువైతే దేవుణ్ణి అడగండి, ఆయన గద్దించకుండా ధారాళంగా ఇస్తాడు అని బైబిల్లో యాకోబు పత్రిక 1:5లో ఉంది కదా, అదే పట్టుకుని మోకాళ్ల మీద ఉండి అడిగాను.

కల రాలేదు, స్వరమూ వినపడలేదు. రోజూ చదువుకునే సామెతల గ్రంథంలోనే 22వ అధ్యాయంలో దొరికింది, అప్పులకి పూటపడొద్దు, అంటే షూరిటీ ఉండొద్దు, కట్టడానికి నీ దగ్గర లేకపోతే నీ కింద పరుపు కూడా తీసుకుపోతారు అని. అంతే, కుదరదని చెప్పేద్దాం అనుకున్నా గానీ మా చర్చి సంఘంలో బ్యాంకులో చేసి రిటైరైన పెద్దాయన ఒకరున్నారు, ఆయన ఫిలేమోను పత్రిక తీసి చూపించారు. ఫిలేమోను దాసుడు ఒనేసిము గురించి, అతను నీకేమైనా బాకీ ఉంటే నా లెక్కలో వెయ్యి, నేనే తీరుస్తా అని అపొస్తలుడైన పౌలు ఫిలేమోనుకి రాశాడు. "నువ్వు కట్టగలిగినంత వరకు నిలబడు నాయనా, కట్టలేనిదానికి మాత్రం సంతకం పెట్టకు" అన్నారాయన. ఒక్క వచనమే చూసుకుని ఉంటే బావని ఉత్తి చేతులతో పంపేవాణ్ణి.

"షూరిటీ పెట్టలేను బావా, నా దగ్గర ఉన్నది ఇంత, ఇది తిరిగివ్వక్కర్లేదు" అని కూర్చోబెట్టి మెల్లగా చెప్పాను. పైనుంచి వచ్చే జ్ఞానం మృదువుగా ఉంటుందని యాకోబే 3:17లో అంటాడు, అందుకే మాట కూడా ముందే ప్రార్థనలో పెట్టుకుని వెళ్లా. అయినా బావ కొన్నాళ్లు మాట్లాడలేదు, అమ్మకీ కోపమే. ఇప్పుడు రాకపోకలు మామూలుగానే ఉన్నాయి.

బైబిల్ వచనం రాసి ఉండే వాగ్దాన కార్డు ఒకటి తీసి, లేదా కళ్లు మూసుకుని బైబిల్ తెరిచి వేలు పెట్టి ఉద్యోగం తేల్చుకోవడం నాకు సరి అనిపించదు. 1 రాజులు 3లో సొలొమోను రాజు ఏదో ఒక తగవుకి తీర్పు చెప్పమని అడగలేదండీ, వివేకం గల హృదయం ఇవ్వమన్నాడు, బిడ్డ నాదంటే నాదని ఇద్దరు తల్లుల గొడవ ఆ తర్వాతే ఆయన ముందుకి వచ్చింది. మీరూ అదే అడగండి. అడిగి, అమ్మానాన్నల ఆరోగ్యం, ఈఎంఐ, అక్కడ మీరు వెళ్లగలిగే సంఘం ఉందా లేదా, ఇవన్నీ దేవుడి ముందే కాగితం మీద రాసుకోండి, మిమ్మల్ని ఎరిగిన పెద్దవాళ్లు ఒకరిద్దరితో మాట్లాడండి. జవాబు ఇవ్వాల్సిన డేట్ దగ్గర పడితే హెచ్ఆర్ వాళ్లని ఇంకో వారం టైం అడగండి, అదేం అవిశ్వాసం కాదు.